లీటరుకు 1.2: ఎవరికి, ఎన్ని లీటర్లు?

బెంగళూరులో నీటిని పరీక్షించే ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం. ఎండలు ముదిరి బోర్లు అడుగంటే సమయానికి అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్ళు, హాస్టళ్ళ యజమానులు, భవన నిర్మాణ గుత్తేదారుల మనుషులు సీసాలు పట్టుకుని వరుస కడతారు. రిపోర్టు చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే: ‘లిమిట్ లోపలే ఉంది కదా?’ ఫ్లోరైడ్ గడిలో లీటరుకు 1.2 మిల్లీగ్రాములు అని ఉందనుకుందాం. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి 2012లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 1.0 వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి ఆధారం లేకపోతే 1.5 వరకు అనుమతి. కాబట్టి ‘లోపలే ఉంది’ అన్న జవాబు తప్పు కాదు. వాళ్ళు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇక ఆ విషయం ముగిసిందని వెళ్ళిపోతారు.

ముగియలేదన్నదే నా వాదన. ఆ 1.2 అనే అంకె నీటి గురించి చెబుతుంది. ఆ నీరు తాగే మనిషి ఒంట్లోకి రోజూ ఎంత ఫ్లోరైడ్ వెళ్తోంది, అందులో ఎంత బయటికి పోతోంది, ఎంత ఎముకల్లో ఉండిపోతోంది అన్న ప్రశ్నలకు అందులో సమాధానం లేదు. మన దేశంలో ఫ్లోరైడ్ మీద జరిగే పరీక్షల్లో అత్యధికం నీటికే జరుగుతున్నాయి. మనుషులకు జరగాల్సిన పరీక్షలు దాదాపు జరగడం లేదు. ఇది నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్న విషయం.

ఒకే గేటు లోపల, ఒకే సంపు నీటి మీద బతికేవాళ్ళను చూడండి. నాలుగో అంతస్తులో ఉండే ఉద్యోగి ఇంట్లో ఆర్ఓ యంత్రం ఉంది. అది ఫ్లోరైడ్‌లో చాలా భాగాన్ని వడకట్టేస్తుంది. పగలంతా ఏసీ ఆఫీసులో ఉంటాడు, తాగేది రెండు లీటర్లకు మించదు. అతడికి ఆ 1.2తో పెద్దగా పని లేదు. కింద ప్రహరీ పక్కన కొత్త బ్లాకు కడుతున్న కూలీ ఏప్రిల్ ఎండలో ఇటుకలు మోస్తూ అయిదు లీటర్లు తాగుతాడు. అయిదు ఇంటూ 1.2 అంటే ఆరు మిల్లీగ్రాములు. అన్నం, పప్పు, రాగిముద్ద వండుకునేదీ ఆ నీటితోనే. గింజ పీల్చుకున్న నీటితో పాటు ఫ్లోరైడ్ కూడా కంచంలోకి వస్తుంది. కాచితే పోతుందని చాలామంది నమ్ముతారు. పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది కాబట్టి ఎంత మరిగిస్తే అంత చిక్కబడుతుంది. ఆపైన టీ ఉంది. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో పోగుచేసుకునే రకం. ఆ ఆకు కాచిన డికాక్షన్‌లో, నీటిలో ఏమీ లేకపోయినా, లీటరుకు ఒకటి నుంచి అయిదు మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. పాలలోని కాల్షియం కొంత పట్టేస్తుంది గానీ మొత్తం పట్టదు.

ఇప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రచురించిన సమీక్షను చూడాలి. భారతదేశం, చైనాల్లో చేసిన అధ్యయనాల ఆధారంగా అది చెప్పిందేమిటంటే, అన్ని మార్గాల నుంచీ కలిపి రోజుకు 14 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్ళేచోట ఎముకల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ పేరుకుని ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే జబ్బు), ఎముకలు విరిగే ప్రమాదం స్పష్టంగా కనిపించాయి. రోజుకు 6 దాటినప్పటి నుంచే ఎముకలకు ముప్పు పెరుగుతుందనడానికి సూచనలున్నాయి. అంటే ‘లిమిట్ లోపల’ ఉన్న నీటితోనే ఆ కూలీ ఆరు దాటేశాడు. అదే రిపోర్టు, అదే సంపు, అదే రోజు.

మూడో వ్యక్తి రెండో అంతస్తులోని పసిబిడ్డ. తల్లిపాలలో ఫ్లోరైడ్ అతి స్వల్పం. తల్లి తాగే నీటిలో ఎక్కువున్నా పాలలోకి పెద్దగా దిగదు. కానీ డబ్బాపాలు కలిపేది నీటితో. అయిదు కిలోల బిడ్డ రోజుకు ముప్పావు లీటరు తాగితే, 1.2 నీటితో 0.9 మిల్లీగ్రాములు వెళ్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకు రోజుకు 0.7 మించకూడదని అమెరికా వైద్యశాస్త్ర సంస్థ 1997లోనే గీత గీసింది. ఆ ఇంట్లో డబ్బాపాలు ఆర్ఓ నీటితో కలుపుతున్నారా, కుళాయి నీరు కాచి కలుపుతున్నారా అన్నది మా రిపోర్టులో ఎక్కడ రాస్తాం?

వాతావరణాన్ని బట్టి మనిషి తాగే నీరు మారుతుందన్నది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. 1957లోనే గాలగన్, వెర్మిలియన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు గాలి ఉష్ణోగ్రతకూ పిల్లలు తాగే నీటికీ ఉన్న సంబంధాన్ని సూత్రంగా రాశారు. దాన్ని అనుసరించి 1962లో ఆ దేశం చల్లటి ప్రాంతాలకు 1.2, వేడి ప్రాంతాలకు 0.7 అని, పళ్ళు పుచ్చకుండా నీటిలో కలిపే ఫ్లోరైడ్ మోతాదును వేరువేరుగా నిర్ణయించింది. 2015లో ఆ తేడా తీసేసి అంతటికీ 0.7 చేశారు. మనకు మాత్రం రెంటచింతలకైనా, బెంగళూరుకైనా, సిమ్లాకైనా ఒకటే గీత. ఆ గీతను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దేశం మొత్తానికి ఏదో ఒక అంకె ఉండక తప్పదు. దాన్ని చూసి మనిషి క్షేమంగా ఉన్నాడని తేల్చేయడమే తప్పు.

ఈ సంగతి తెలుగువాళ్ళకు ఇంకొకరు చెప్పనవసరం లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట గుర్తించింది మా వైపే. అప్పటి నెల్లూరు జిల్లాలోని, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఎద్దులు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతుల కంటపడింది. ఆ తరువాత మనుషుల నడుములు, మెడలు అలాగే బిగుసుకుపోవడాన్ని మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి పరిశీలించి 1937లో వైద్య పత్రికలో రాశారు. వాళ్ళు మొదట చూసింది మనిషిని. మెడ తిప్పలేని మనిషి నుంచి బావి దాకా వెళ్ళారు. మనం ఇప్పుడు బావి దగ్గరే ఆగిపోతున్నాం.

నీరొక్కటే కథ కాదని చెప్పిన రెండో పాఠమూ మనదే. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో పిల్లలకు, యువకులకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే జబ్బు వస్తోందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’లో ప్రకటించారు. తిండి బాగా లేనివారికి, కాల్షియం చాలనివారికి అదే నీరు ఎక్కువ కీడు చేస్తుంది. కాబట్టి ఒకే చేతిపంపు దగ్గర నీళ్ళు పట్టుకున్న రెండు కుటుంబాలు ఒకే విధంగా దెబ్బతినవు. పాలు, పెరుగు తినగలిగే ఇల్లు ఒకటి, గంజితో సరిపెట్టుకునే ఇల్లు ఒకటి.

బెంగళూరులో ఇదంతా ఎందుకు అంటారేమో. కావేరి నీరు వచ్చే ఇళ్ళకు నిజంగానే ఈ బెంగ లేదు; నది నీటిలో ఫ్లోరైడ్ తక్కువ. కానీ ఈ నగరం అంచులు కావేరి గొట్టం కంటే వేగంగా పెరిగాయి. శివారులోని 110 గ్రామాల కోసమని కావేరి అయిదో దశను ప్రారంభించింది 2024 అక్టోబరులో. అప్పటిదాకా, చాలాచోట్ల ఇప్పటికీ, వర్తూరు, సర్జాపుర వైపు బతుకు బోరు మీద, ట్యాంకరు మీదే. కింద ఉన్నది గ్రానైటు, నైసు రాయి. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీటిలోకి దిగుతుంది. కాల్షియం ఎక్కువున్న నీరు దాన్ని కొంత కట్టడి చేస్తుంది. సోడియం, బైకార్బనేటు ఎక్కువై క్షారగుణం పెరిగిన నీటికి ఆ కట్టడి ఉండదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లలో రాతితో ఏళ్ళ తరబడి కలిసి ఉన్న నీరు తగలవచ్చు. ట్యాంకరు సంగతి మరీ అన్యాయం. ఇవాళ ఒక బోరు, రేపు ఇంకో బోరు. ఏడాదికోసారి ఒక్క సీసా తెచ్చి, ‘మా ట్యాంకరు నీరు బాగుంది’ అంటే ఆ ఒక్క లోడు బాగుందని మాత్రమే అర్థం.

ఇంకా పెద్ద సంగతి, ఈ నగరానికి పనికోసం వచ్చేవాళ్ళు ఏ ఊళ్ళ నుంచి వస్తున్నారన్నది. పావగడ, బాగేపల్లి, చింతామణి, కదిరి, అనంతపురం పల్లెలు, మా కనిగిరి. చాలావరకు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళే. మనిషి ఊరు వదిలినా ఒంట్లోది వదలదు. శరీరంలో మిగిలిపోయే ఫ్లోరైడ్‌లో నూటికి 99 పాళ్ళు ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది.

ఆమధ్య ఒక మేస్త్రీ గుత్తేదారు తరఫున నీళ్ళ సీసా తెచ్చాడు. నలభై దాటి ఉంటాయి. మాట్లాడుతుంటే ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపించాయి, రెండువైపులా సమానంగా, పంటికి అడ్డంగా. వక్క, పొగాకు మరకలు అలా రావు. అవి పైన పట్టేవి. ఇవి పన్ను తయారవుతున్నప్పుడే లోపల ఏర్పడేవి.

‘మీది ఏ ఊరన్నా?’ అని అడిగాను.

‘పావగడ పక్కనమ్మా.’

‘చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగేవారు?’

‘ఇంకేముంటాయమ్మా, ఊరి బోరు నీళ్ళే. మా ఊళ్ళో అందరి పళ్ళూ ఇంతే.’

నడుము వంగడం లేదని, పొద్దున లేవగానే మెడ తిప్పలేనని, ఆసుపత్రికి వెళ్తే నొప్పి బిళ్ళలు ఇచ్చారని చెప్పాడు. అక్కడ ఎవరైనా నీళ్ళ గురించి అడిగారా అంటే నవ్వాడు. ‘నొప్పి నడుముకు కదమ్మా, నీళ్ళ గురించి ఎందుకడుగుతారు?’

ఆయనకు ఫ్లోరోసిస్ ఉందని నేననడం లేదు. ఇరవై ఏళ్ళు సిమెంటు మోసినవాడి నడుముకు నొప్పి రావడానికి వేరే కారణం అక్కర్లేదు. ఆ రెండింటిలో ఏదన్నది తేల్చగల పరీక్షలు ఉన్నాయి, అవి ఖరీదైనవి కూడా కావు, అయినా ఎవరూ చేయలేదు అన్నదే నా బాధ. ముంజేతికి ఒక ఎక్స్‌రే తీస్తే, రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి కాల్షియం పట్టిందేమో కనిపిస్తుంది. ఎముకల ఫ్లోరోసిస్‌కు అది వైద్యులందరికీ తెలిసిన ఆనవాలు. ఇక మూత్ర పరీక్ష.

మూత్రంలో ఫ్లోరైడ్ కొలవడం కష్టమైన విద్య కాదు. నీటికి వాడే పరికరమే. ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు 1966లో ప్రకటించిన ఎలక్ట్రోడ్ అది. కొసన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది, అది ఫ్లోరైడ్‌ను మాత్రమే పట్టించుకుంటుంది. మా బల్ల మీద జరిగేది ఇది. నమూనాకు సమానంగా ఒక బఫర్ ద్రావణం కలుపుతాం. అది పీహెచ్‌ను, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలతను, 5, 5.5 మధ్య నిలబెడుతుంది. అల్యూమినియం, ఇనుములతో జట్టుకట్టి దాక్కున్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. ఈ పని సరిగా చేయకపోతే పటిక వేసి శుద్ధి చేసిన నీరు ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. ఎలక్ట్రోడ్ ముంచి, కింద చిన్న అయస్కాంతపు కడ్డీ తిరుగుతుండగా, మిల్లీవోల్టుల అంకె ఊగిసలాడి ఒకచోట నిలిచేదాకా ఆగుతాం. గాఢత పదింతలు పెరిగితే అంకె సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. అలా మారకపోతే ఎలక్ట్రోడ్‌లోనో, ప్రామాణిక ద్రావణంలోనో లోపమున్నట్టు. అప్పుడు నమూనా జోలికి వెళ్ళకూడదు.

కష్టమంతా నమూనా తేవడంలో ఉంది. పెద్దవాళ్ళలో రోజూ లోపలికి వెళ్ళే ఫ్లోరైడ్‌లో సుమారు సగం మూత్రంలో వెళ్ళిపోతుంది. ఎదిగే పిల్లల ఎముకలు ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. కాబట్టి 24 గంటల మూత్రం మొత్తం పట్టి కొలిస్తే ఆ రోజు ఒంట్లోకి ఎంత వెళ్ళిందో అంచనా కట్టవచ్చు. పొద్దున మొదటిసారి వదిలేసి, అక్కడి నుంచి మర్నాడు అదే వేళ దాకా ప్రతిసారీ ప్లాస్టిక్ డబ్బాలో పట్టాలి. గాజు వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. మరుగుదొడ్డే సరిగా లేని పనిచోట, పై అంతస్తులో సెంట్రింగు కొడుతున్న మనిషి ఆ డబ్బాను ఎక్కడ పెట్టుకుంటాడు? ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని ఒక్కసారి పట్టిన నమూనాతో సరిపెట్టి, నీరు ఎక్కువ తాగినందువల్ల పలచబడిందా అన్నది సరిచూసుకోవడానికి, రోజూ మూత్రంలో దాదాపు ఒకే మోతాదులో పోయే క్రియాటినిన్ అనే పదార్థాన్ని కూడా కొలుస్తారు. ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పడానికి అది చాలదు. ఒక పనిచోట ఉన్నవాళ్ళందరి నుంచి తీసుకుంటే మాత్రం ఆ చోటు సంగతి తెలుస్తుంది. ఆమాత్రం కూడా మన దగ్గర లేదు.

దీన్ని చదవడానికీ తెలివి కావాలి. మూత్రం చెప్పేది ముఖ్యంగా ఈ కొద్ది రోజుల కథ. రక్తం ఇంకా తక్కువ కాలానిది, కొన్ని గంటలది. గోళ్ళు కొన్ని నెలల కిందటివి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఫ్లోరైడ్ బయటికి పోక లోపలే ఉండిపోతుంది. కాబట్టి వారి మూత్రంలో అంకె తక్కువ రావడం శుభవార్త కాదు. ఊరు మారి మంచి నీరు తాగుతున్నవాడి ఎముకల నుంచి పాత ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది కాబట్టి, అతడి అంకె ఇప్పటి నీటికి తగినదానికంటే ఎక్కువ రావచ్చు. ఏ అంకెనైనా ఆ మనిషి కథతో కలిపి చూడాలి.

పళ్ళు చెప్పేది బాల్యం. ముందు పళ్ళ పింగాణీ మొదటి మూడు, నాలుగేళ్ళలోనే రూపు కడుతుంది. ఆ వయసులో ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ జాడ జీవితాంతం చెరగదు. డీన్ అనే అమెరికా దంతవైద్యుడు 1934లో పళ్ళను చూసి తరగతులుగా విడదీసే పద్ధతి పెట్టాడు, 1942లో సవరించాడు. ఇప్పటికీ అదే వాడుతున్నారు. దానికి యంత్రం అక్కర్లేదు, మంచి వెలుతురు, నేర్చుకున్న కన్ను చాలు. ఒక బడిలో పన్నెండేళ్ళ పిల్లలను వరుసగా నిలబెట్టి పళ్ళు చూస్తే, పదేళ్ళ కిందట ఆ పేటకు ఏ నీరు వచ్చేదో తెలుస్తుంది. ఏ ట్యాంకరు యజమానీ దాచని లెక్క అది.

ఈ మాట రాస్తుంటే వాట్సాప్‌లో తిరిగే ఇంకో రకం మాట కూడా గుర్తొస్తోంది: ఫ్లోరైడ్ విషం, పేస్టు మానేయండి, పిల్లల తెలివి తగ్గిపోతుంది. అది అమెరికా తగాదా ఇక్కడికి దిగుమతి అయిన రూపం. అక్కడ చాలాచోట్ల పళ్ళ కోసం నీటిలో ఫ్లోరైడ్ కలుపుతారు. 1945లో గ్రాండ్ రాపిడ్స్‌లో మొదలైంది. కలపాలా వద్దా అన్నది వాళ్ళ వాదన. ఆ దేశపు జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 2024 ఆగస్టులో ఇచ్చిన నివేదిక, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా ఉండడంతో సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పింది. 0.7 దగ్గర అలాంటి హాని ఉందో లేదో తేల్చడానికి ఆధారాలు చాలవనీ అదే నివేదిక చెప్పింది. మన వాట్సాప్‌కు మొదటి సగమే అందింది. మనదేశంలో ఎవరూ నీటిలో ఫ్లోరైడ్ కలపరు, రాయే కలుపుతోంది. 1.5 దాటిన నీరు తాగే పల్లెలు మనకు ఉన్నాయి కాబట్టి, ఆ నివేదిక చూసి ఉలిక్కిపడాల్సింది వైట్‌ఫీల్డ్‌లో ఆర్ఓ నీరు తాగుతూ పేస్టు మానేసినవాళ్ళు కాదు. బఠాణీ గింజంత పేస్టులో ఉండేది పావు మిల్లీగ్రాము. అది పుచ్చును ఆపుతుంది. పసిపిల్లలు మింగకుండా చూసుకుంటే చాలు.

కొసమెరుగేమిటంటే, ఐక్యూ అధ్యయనాల్లో బలమైనవి ఊరి నీటి అంకెతో ఆగకుండా గర్భిణుల మూత్రంలో ఫ్లోరైడ్ కొలిచాయి. మెక్సికోలో, కెనడాలో చేశారు. శతాబ్దం కిందటి నుంచి ఫ్లోరోసిస్‌తో బతుకుతున్న మనకు, గర్భిణీ మొదటి పరీక్షల చీటీలో ఆ ఒక్క గడి కూడా లేదు.

కేంద్రం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. బాధిత జిల్లాల్లో నీటితో పాటు మూత్రం కూడా పరీక్షించాలన్నది అందులో ఉంది. మంచిదే. కానీ అది జిల్లాను పట్టుకుని నడిచే పథకం. మనిషి పావగడ బస్సెక్కి యశ్వంతపురలో దిగగానే ఆ లెక్కలోంచి జారిపోతాడు. బెంగళూరులో అతడు నడుము నొప్పి రోగి మాత్రమే.

అందుకని నేను అడిగేది పెద్ద పథకం కాదు. ఎముకల వైద్యుడు, మూత్రపిండాల వైద్యుడు ఓపీ చీటీ మీద వయసు పక్కన ఒక ప్రశ్న రాయాలి: ఎనిమిదేళ్ళ వయసు దాకా ఏ ఊళ్ళో, ఏ నీళ్ళు తాగారు? భవన నిర్మాణ కార్మికుల ఆరోగ్య శిబిరాల్లో ఎలాగూ మూత్రంలో చక్కెర చూస్తారు. అదే నమూనాలో కొంత ఫ్లోరైడ్‌కు పంపాలి. మాలాంటి ప్రయోగశాలలు రిపోర్టులో ‘అనుమతించిన పరిమితి లోపల’ అన్న వాక్యం కింద ఇంకో వరుస అచ్చువేయాలి: ఈ నీరు రోజుకు రెండు లీటర్లు తాగితే ఇంత, అయిదు లీటర్లు తాగితే ఇంత. గుణకారం చేయడానికి మాకు కొత్త పరికరం అక్కర్లేదు. ఈ మార్పు కోసం మా కార్యాలయంలో అడుగుతూనే ఉన్నాను, అడుగుతాను.

అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్ళు మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగనవసరం లేదు. ఇళ్ళల్లో ఆర్ఓ ఉంది కాబట్టి 1.2 అయినా పర్వాలేదనుకునేవాళ్ళు, మీ గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనిషి, మీ మెట్లు తుడిచే ఆవిడ ఏ కుళాయి నీరు తాగుతున్నారో దిగి చూడండి. సెల్లార్‌లో ఒక ఆర్ఓ యంత్రం, దానికొక కుళాయి పెట్టించడానికి సంఘం నిర్వహణ రుసుములోంచి ఇంటికి పడేది స్వల్పం. ట్యాంకరు నీరైతే సీసా ఏడాదికోసారి కాకుండా లోడు మారినప్పుడల్లా పట్టి పంపండి. తెచ్చేటప్పుడు ఆ నీరు ఎవరు, రోజుకు ఎంత తాగుతున్నారో కూడా ఒక చీటీ మీద రాసి తెండి. రిపోర్టు ఇచ్చేటప్పుడు ఆ లెక్క కట్టి, కూర్చోబెట్టి చెబుతాను.